వీల్‌చైర్ నడపడం ఎలా నేర్చుకోవాలి? ముందు గాజులు తీసి పెట్టండి

ముందు చేతి గాజులు తీసి పక్కన పెట్టండి. మట్టిగాజులైతే చక్రం పక్కనుండే రింగుకు తగిలి పగులుతాయి, ముక్క మణికట్టులో దిగుతుంది. మగవాళ్ళైతే వాచీ, వదులు కడియం, మణికట్టు నుంచి వేలాడే గుడి తాడు తీసేయండి. చీర కట్టుకుంటే కొంగు నడుము చుట్టూ తిప్పి దోపండి. చున్నీ అయితే వెనక్కి వేలాడకుండా పక్కకు ముడి వేయండి. ఇదంతా చాదస్తం అనిపించవచ్చు. మొదటి వారంలోనే నా కొంగు చక్రం పుల్లల్లో చిక్కుకుంది. మెడ పక్కకు లాక్కుపోతుంటే బ్రేకు ఎటు ఉందో కూడా గుర్తు రాలేదు. పక్కింటి అబ్బాయి కత్తెర తెచ్చి కోశాడు. నయం, ఆ రోజు కట్టుకున్నది వాయిల్ చీర, పట్టు చీర కాదు.

మాది ఒడిశాలోని బరంపురం, పాత వీధుల వైపు. చీరలకు ఫాల్, పికో కుట్టడం నా పని. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది. నలభై ఏళ్ళు ఒక కాలికి క్యాలిపర్ (కాలిని నిలబెట్టే ఇనప పట్టీలు), చంకలో కర్రతో నెట్టుకొచ్చాను. చివరికి కాలు కాదు, భుజం మొరాయించింది. "ఇక వీల్‌చైర్ వాడమ్మా" అని డాక్టరు అన్న రోజు నాకు అన్నం సయించలేదు. కుర్చీ ఎక్కితే ఇక మంచాన పడ్డట్టే అనుకున్నాను. అది నా తెలివితక్కువతనం. ఇప్పుడు పొద్దున్నే కుర్చీ మీద వీధి చివరి దాకా రెండుసార్లు వెళ్ళొస్తాను. కర్రతో అందులో సగం దూరం కూడా పోలేకపోయేదాన్ని.

అయితే కుర్చీలో కూర్చోవడం వేరు, దాన్ని నడపడం వేరు. సైకిల్ నేర్చుకున్నట్టే దీన్నీ నేర్చుకోవాలి. మా ఇంట్లో ఎవరూ ఈ మాట చెప్పలేదు. కుర్చీ ఇచ్చినవాళ్ళూ చెప్పలేదు. భుజాలు పాడవకుండా తక్కువ తోపులతో ఎక్కువ దూరం ఎలా పోవాలో, నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

కుర్చీ మీ కొలతదేనా?

నా మొదటి కుర్చీ ఒక సభలో దండ వేసి, ఫోటో తీసి ఇచ్చారు. సీటు 18 అంగుళాలు. నా తుంటి వెడల్పు 14. అందులో కూర్చుంటే పెద్ద గిన్నెలో చిన్న గరిట వేసినట్టు ఉండేది. చక్రాలు అందుకోవడానికి చేతులు రెండు పక్కలకూ చాచాల్సి వచ్చేది. ఆరు నెలలకే రెండో భుజం కూడా నొప్పి మొదలుపెట్టింది. కుర్చీ ఊరికే వచ్చింది, ఫిజియోథెరపీకి మాత్రం జేబులోంచి పోయింది.

కాబట్టి టేపు తీసుకోండి. కూర్చున్నప్పుడు తుంటి దగ్గర ఎక్కువ వెడల్పు ఎక్కడ ఉందో అక్కడ కొలవండి. దానికి ఒక అంగుళం, మహా అయితే రెండు కలిపితే సీటు వెడల్పు వస్తుంది. సీటు పొడవు ఎంతుండాలంటే, వీపు ఆనించి కూర్చున్నాక మోకాలి వెనక రెండు వేళ్ళు దూరాలి. అంతకంటే పొడవైతే మెల్లగా ముందుకు జారిపోతారు, నడుము వంగుతుంది. ఫుట్‌రెస్ట్ నేల నుంచి రెండు అంగుళాలైనా పైన ఉండాలి. లేకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తగిలి ముందుకు బోర్లా పడతారు.

అన్నిటికంటే ముఖ్యం చక్రానికీ చేతికీ ఉండే దూరం. చేతులు కిందికి వేలాడేయండి. నడివేలి కొస చక్రం ఇరుసు దగ్గరికి రావాలి. ఇప్పుడు చేతిని రింగు పై భాగాన పెట్టండి. మోచేయి గోడ మూలంత కాకుండా దానికంటే కాస్త తెరుచుకొని, 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. మోచేయి బాగా ముడుచుకుపోతే మీరు చాలా కిందికి కూర్చున్నట్టు. దిండు మార్చి చూడండి.

ఇంకో లెక్క. కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటే దాదాపు ఎనిమిది అంగుళాలు ఎక్కువ ఉంటుంది. అంటే 18 అంగుళాల సీటుకు 26 అంగుళాల దారి కావాలి. పాత ఇళ్ళలో స్నానాల గది తలుపు చాలాసార్లు రెండు అడుగులే. కొనకముందే తలుపులు కొలుచుకోండి, కొన్నాక కొలిస్తే ఏడుపే.

ఆసుపత్రుల్లో కనిపించే మడత కుర్చీ 17 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. దాని వెనక చక్రం ఇరుసు ముందుకు జరపడానికి వీలుండదు. రోజూ వాడేవాళ్ళకు తేలికైన, ఇరుసు జరపగలిగే కుర్చీ దొరికితే అదృష్టమే. ఇరుసు కాస్త ముందుకొస్తే తోయడం తేలిక, కానీ వెనక్కి ఒరిగిపోవడమూ తేలికే. కొత్తలో మెకానిక్‌నో, ఫిజియోథెరపిస్టునో అడగకుండా జరపకండి.

మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళకండి

ఇంట్లోనే, గచ్చు మీద, రెండు బ్రేకులూ వేసి కూర్చోండి. ముందుకు వంగి నేల మీద ఉన్న పెన్ను అందుకోండి. పక్కకు వంగండి. వెనక్కి ఆనండి. కుర్చీ ఎక్కడిదాకా మిమ్మల్ని మోస్తుందో, ఎక్కడ ఒరగడం మొదలుపెడుతుందో ఒళ్ళు తెలుసుకోవాలి. ముందుకు వంగేటప్పుడు పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, దాని మీద బరువు మోపి వంగితే కుర్చీ మొత్తం ముందుకు తిరగబడుతుంది. ఫుట్‌రెస్ట్ మడిచి పాదాలు నేలకు ఆనించి వంగండి. ముందు చక్రాలు కూడా ముందుకు తిరిగి ఉండాలి. కొంచెం ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తే అవి అలా తిరుగుతాయి.

బ్రేకు గురించి ఒక మాట. అది నిలిపి ఉంచడానికే, వేగం తగ్గించడానికి కాదు. కుర్చీ కదులుతుండగా ఒక పక్క బ్రేకు వేస్తే గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంటారు. టైర్లలో గాలి తక్కువైతే బ్రేకు సరిగా పట్టదు. వారానికొకసారి బొటనవేలితో టైరు నొక్కి చూడండి. మెత్తగా ఉంటే సైకిల్ షాపుకు పంపండి. గాలి తక్కువ టైరుతో తోయడమంటే బురదలో సైకిల్ తొక్కడమే.

మంచం మీంచి కుర్చీలోకి మారడం నడుము కింద స్పర్శ లేనివాళ్ళకు ఒక రకం, నాలాంటి పోలియోవాళ్ళకు ఇంకో రకం. అది దగ్గరుండి చూపించి నేర్పాల్సిన పని, కాగితం మీద చెబితే సరిపోదు. ఒక్కటి మాత్రం అందరికీ వర్తిస్తుంది. మంచం ఎత్తూ సీటు ఎత్తూ ఒకటిగా ఉంటే సగం కష్టం తీరినట్టే. మా తమ్ముడు మంచం కోళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు చేశాడు.

తోపు: అసలు పాఠం

నునుపైన నేల చూసుకోండి. మా వీధి దగ్గర బడి ఆవరణలో సిమెంటు గచ్చు ఉంది. ఆదివారం పొద్దున అక్కడికి వెళ్ళేవాళ్ళం. నా మేనల్లుడు కాపలా.

మీ కుడి పక్కన నిలబడి చూసేవాళ్ళకు చక్రం గోడ గడియారంలా కనిపిస్తుందనుకోండి. చేతులు 11 గంటల దగ్గర రింగును పట్టుకోవాలి. అక్కడి నుంచి సాగదీసినట్టు తోసి 2 గంటల దగ్గర వదిలేయాలి. వదిలాక చెయ్యి ఎత్తకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చేతిని రింగు మీదుగా పైకి లేపి వెనక్కి తెస్తారు, లేదా రింగు వెంటే రుద్దుకుంటూ వెనక్కి లాగుతారు. రెండూ భుజానికి చేటే. చెయ్యిని రింగు కిందికి జారవిడవండి. ఇరుసు పక్కగా ఊయలలా వెనక్కి ఊగనివ్వండి, మళ్ళీ 11 దగ్గర పట్టుకోండి. కుర్చీ ఈలోపు తనంతట తాను జరుగుతూ ఉంటుంది. అలా జరిగే దూరం మీరు కష్టపడకుండా వచ్చిన దూరం. దాన్ని చిన్న చిన్న పిడి తోపులతో తుంచేయకండి.

బొటనవేలు రింగు పై అంచు మీద ఉండాలి. రింగును గట్టిగా పిడికిలి బిగించి పట్టుకోవద్దు. అరచేయీ వేళ్ళూ కలిసి తోయాలి. టైరు, రింగు మధ్య సందులో బొటనవేలు పెడితే నలుగుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు లెక్క. బడి గేటు నుంచి మెట్ల దాకా నాకు మొదట్లో 62 తోపులు పట్టాయి. నేను గొప్పగా తోస్తున్నాననుకునేదాన్ని. మేనల్లుడు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ, "అత్తా, నువ్వు కోడి గింజలేరినట్టు తోస్తున్నావు" అన్నాడు. రెండు నెలలకు అదే దూరం 38కి వచ్చింది. మీరూ ఒక దూరం ఎంచుకోండి. వారానికొకసారి తోపులు లెక్కపెట్టండి. వేగం చూడొద్దు, గడియారం చూడొద్దు, ఆ ఒక్క అంకెనే తగ్గించండి. 38 అయిన రోజు వాడు "అత్తా, నువ్వు తోపు" అన్నాడు. ఇప్పటి పిల్లల భాషలో ఆ మాటకు వేరే అర్థం ఉందని తరువాత చెప్పాడు.

తిరగడం తేలికే. ఒక చక్రాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కి తోస్తే ఉన్నచోటే తిరుగుతారు. నడుస్తూ ఉండగా తిరగాలంటే తిరిగే వైపు రింగును చేత్తో మెల్లగా రాయండి, చాలు. ఆపేటప్పుడు రెండు రింగులనూ ఒకేసారి, ఒకే బలంతో అరచేతుల్లో జారనిస్తూ ఆపాలి. ఠక్కున పట్టేస్తే మీరు ముందుకు జారుతారు. నేల మీద సుద్దతో ఒక గీత గీసి సరిగ్గా దాని మీద ఆగడం, ఇటుకలు వరసగా పెట్టి వాటి మధ్య పాములా తిరగడం చేస్తే పది రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. వెనక్కి నడపడం కూడా మరిచిపోకండి. ఇరుకు ఇళ్ళలో సగం పని వెనక్కే.

గడప, అరుగు

గడప తీసేయమని చెప్పేవాళ్ళు మన ఇళ్ళకు రారు. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను రంపంతో కోస్తామంటే మా అమ్మ ఒప్పుకుంటుందా? ఒప్పుకోలేదు. గడపకు రెండు వైపులా ఏటవాలు చెక్కలు వేశాం. మూడు అంగుళాల గడపకు లెక్క ప్రకారం మూడు అడుగుల చెక్క కావాలి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు, అది ర్యాంప్ లెక్క. మా గదిలో రెండు అడుగులే చోటుంది. కాస్త నిటారైంది, కానీ పనవుతోంది. శుక్రవారం గడపకు పసుపు ఆగలేదు.

చెక్క లేని గడప దాటాలంటే కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళడం మంచిది. పెద్ద చక్రాలు ముందు గడపకు ఆనాలి. కాస్త వెనక్కి ఒరిగి రెండు రింగులనూ ఒకేసారి వెనక్కి లాగండి. పెద్ద చక్రం ఎక్కేస్తుంది, చిన్నవి వెంట వస్తాయి. దిగేటప్పుడు కూడా వెనక్కి తిరిగే దిగండి, పెద్ద చక్రాలు ముందు కిందికి తాకాలి, ఒంటిని ముందుకు వంచి ఉంచాలి. ఎవరైనా వెనక ఉంటే మరీ మంచిది.

అరుగులది వేరే కథ. మా అరుగు 14 అంగుళాలు. అదే లెక్కన 14 అడుగుల ర్యాంప్ కావాలి. నేరుగా వేస్తే వీధి అవతలి ఇంటి గుమ్మంలోకి పోతుంది. గోడ వెంట, అరుగుకు సమాంతరంగా వేయించుకున్నాం, అది మా ముంగిలిలోనే పట్టింది. మేస్త్రీ నునుపుగా ఉండాలని సిమెంటు బాగా రుద్దబోతే వద్దన్నాను. వానలో జారుతుంది. చీపురు గీతలు వేయించండి.

ర్యాంప్ ఎక్కేటప్పుడు ఒంటిని ముందుకు వంచి, చిన్న తోపులతో, ఆగకుండా ఎక్కాలి. కుర్చీ వెనక సంచీ వేలాడదీస్తే వెనక్కి లాగేస్తుంది, అది ఒళ్ళో పెట్టుకోండి. నేను ఒకసారి రెండు కిలోల ఉల్లిపాయలు వెనక తగిలించి ఎక్కాను. ఉల్లిపాయలు, నేను, కుర్చీ అందరం ఆకాశం చూశాం. దిగేటప్పుడు వెనక్కి ఆని కూర్చుని, రింగులను రెండు అరచేతుల్లో జారనివ్వాలి. అరచేతులు మండుతాయి. వేళ్ళు లేని సైకిల్ గ్లవ్స్ కొనుక్కోండి.

ముందు చక్రాలు లేపడం

వీధిలో గుంతలు, కాలువ పలకల అంచులు, కేబుల్ వేసి సగం పూడ్చిన గాడులు దాటాలంటే ముందు చిన్న చక్రాలను ఒక్క క్షణం గాల్లోకి లేపడం రావాలి. ఒంటరిగా ఎప్పుడూ మొదలుపెట్టకండి. వెనక ఒక మనిషి నిలబడి రెండు చేతులూ హ్యాండిళ్ళ కింద పెట్టాలి. పట్టుకోకూడదు, పడితే అందుకోవాలి. కింద పరుపో, గడ్డో ఉండాలి.

మెల్లగా ముందుకు పోతూ చేతులు 10 గంటల దగ్గర పెట్టి, తల, వీపు కొంచెం వెనక్కి ఆనించి ఒక చురుకైన తోపు ఇవ్వండి. చిన్న చక్రాలు అంగుళమో రెండో లేచి దిగుతాయి. అదే చాలు. మొదట సుద్ద గీత మీద, తరువాత నేల మీద పరిచిన తాడు మీద, తరువాత సన్నటి పలక మీద దాటి చూడండి. ఎక్కడ లేపాలన్న టైమింగ్ రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. తొందరపడితే చక్రాలు పలకకు ఇవతలే దిగి కుర్చీ ఠపీమని ఆగిపోతుంది, మీరు ఆగరు.

వెనక్కి పడుతున్నారనిపిస్తే చేతులు వెనక్కి చాపకండి, మణికట్టు విరుగుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, ఒక చెయ్యి తొడల మీద అడ్డంగా పెట్టండి, మోకాళ్ళు ముఖానికి తగలకుండా. ఇదీ పరుపు మీద ఒకటి రెండుసార్లు మనిషి సాయంతో చేసి చూడాలి. పొట్ట, నడుము కండరాలు పట్టులేనివాళ్ళు దీన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరే నేర్చుకోండి.

వీధిలోకి

రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం ఉంటుంది, నీళ్ళు పోవడానికి. అంచున వెళ్తే కుర్చీ ఎప్పుడూ కాలువ వైపే లాగుతుంది. పల్లం వైపు చేతికి ఎక్కువ పని పడుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు పల్లం ఏ చేతి వైపు ఉందో, వచ్చేటప్పుడు రెండో చేతి వైపు ఉండేలా, వీలైతే దారి చూసుకోండి, రెండు భుజాలకూ పని సమానమవుతుంది. పొద్దున ఐదున్నర నుంచి ఏడు లోపు మాకు మంచి సమయం. ఆవులు ఇంకా పడుకునే ఉంటాయి, ఆటోలు తక్కువ. గిరి రోడ్డు లాంటి బజారు దారిలో సాయంత్రం మొదటి నెల వెళ్ళొద్దు. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే అనుభవం ఉన్నవాళ్ళూ గుంపులోకి పోవద్దు. జనం ఎత్తు మన కళ్ళకు పైన ఉంటుంది, వాళ్ళు మనల్ని చూడరు.

రెండు ఒడియా మాటలు గట్టిగా అరవడం నేర్చుకోండి. ఒకటి "టికే ఘుంచంతు", అంటే కొంచెం జరగండి. రెండోది ఇంకా అవసరం: "ఠేలంతు నాహిఁ", అంటే తోయకండి. మంచి మనసుతోనే వస్తారు. వెనక నుంచి అడగకుండా హ్యాండిల్ పట్టుకొని తోసేస్తారు. మీ చేతులు రింగు మీద ఉండగా అలా తోస్తే వేళ్ళు పుల్లల్లోకి పోతాయి. సాయం కావాలంటే మీరే చెప్పండి, ఎలా చేయాలో కూడా చెప్పండి. కుర్చీని ఎత్తాల్సి వస్తే ఆర్మ్‌రెస్ట్ పట్టుకుంటారు, అది ఊడి చేతిలోకి వస్తుంది. గట్టి ఫ్రేమ్ ఎక్కడుందో వేలితో చూపించండి.

వ్యాయామం ఎంత?

వెన్నెముక దెబ్బతిన్న పెద్దవాళ్ళ కోసం 2018లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం, ఒంట్లో సత్తువ పెరగాలంటే వారానికి రెండు రోజులు 20 నిమిషాల చొప్పున ఆయాసం తెలిసే పని, దాంతోపాటు రెండు రోజులు కండరాల వ్యాయామం చాలు. గుండె, షుగర్ ఆరోగ్యం కోసమైతే వారానికి మూడుసార్లు 30 నిమిషాలు. ఇది చివరికి చేరాల్సిన చోటు, మొదలు కాదు. మొదలు ఐదు నిమిషాలు, ఆగి నీళ్ళు తాగి మరో ఐదు. తోస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా వస్తోందంటే ఇంకాస్త తోయొచ్చు.

తోయడం వల్ల ఛాతీ, భుజం ముందు భాగం బలపడతాయి, వెనక భాగం వెనకబడిపోతుంది. భుజాలు గూనిగా ముందుకొచ్చి నొప్పి మొదలయ్యేది అందుకే. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, వెనక్కి లాగండి, రెక్క ఎముకలు రెండూ దగ్గరికి రావాలి. ఎనిమిది నుంచి పదిసార్లు, అలా మూడు విడతలు. మొదటి రోజు ఒక విడతే. రబ్బరు బ్యాండు లేకపోతే పాత సైకిల్ ట్యూబు కోసుకోండి, నేను అదే వాడతాను.

ఇప్పుడు జాగ్రత్తలు. పోలియో వచ్చి చాలా ఏళ్ళైనవాళ్ళు అందరికంటే తక్కువ చేయాలి. నిన్నటి అలసట ఈరోజు పొద్దుటికి కూడా తీరలేదంటే నిన్న ఎక్కువైందనే. పంతం పడితే ఉన్న కండరం కూడా పోతుంది. వెన్నెముకకు ఛాతీ భాగంలోనో మెడ దగ్గరో దెబ్బ తగిలినవాళ్ళకు దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు. మా సముద్రపు ఉక్కలో ఒళ్ళు వేడెక్కిపోతుంది, మెడ మీద తడి తువ్వాలు వేసుకోండి. వాళ్ళకే హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం వస్తే బీపీ ఎగబాకుతున్నట్టు. చాలాసార్లు మూత్రం నిండిపోయో, మూత్రం పోయే గొట్టం మడత పడో వస్తుంది. పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, ఆ కారణం చూసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వ్యాయామానికి ముందు మూత్రం పోయి వెళ్ళండి. దారిలో బాత్రూమ్ ఉండదని నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు చాలామంది, నేనూ మానేసేదాన్ని, రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చాక బుద్ధొచ్చింది.

పోలియోలో కాళ్ళు పనిచేయకపోయినా స్పర్శ ఉంటుంది, నొప్పి తెలుస్తుంది, మనమే కదులుతాం. వెన్నెముక దెబ్బలో ఆ కబురు రాదు, పిర్రల మీద పుండు పడినా తెలియదు. వాళ్ళు అరగంటకొకసారైనా ఛాతీ తొడల మీదికి వచ్చేలా ముందుకు వంగి, లేదా పక్కకు ఒరిగి, ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. చేతులతో పైకి లేచి మూడు సెకన్లలో కూలబడితే లాభం లేదు, భుజం అరిగేది మాత్రం ఖాయం. రాత్రి చేతి అద్దంతోనో, ఇంట్లోవాళ్ళ సాయంతోనో చూసుకోవాలి. ఎర్రటి మచ్చ తగ్గకుండా ఉంటే ఆ రోజు నుంచి కుర్చీ బంద్, దాని మీద బరువు పెట్టకూడదు. దిండు లేకుండా ఒట్టి రెక్సిన్ మీద కూర్చునేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

భుజం నొప్పి రాత్రి నిద్ర లేపుతోందంటే అప్పుడు ఆపండి. ఊళ్ళో ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పూర్తి శిక్షణ కావాలంటే కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద పేరుతో ఉన్న జాతీయ పునరావాస సంస్థ ఉంది, జనం నిర్తార్ అంటారు. కొత్త కుర్చీకి కేంద్రం ఎడిప్ పథకం కింద అలింకో సంస్థ కుర్చీలు ఇస్తుంది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు చేయించుకుంటే అది దేశమంతా చెల్లుతుంది, ఇచ్ఛాపురం అవతల చుట్టాలింట్లో ఉన్నా చెల్లుతుంది. ఫారాలు చదవడం రాకపోతే బడికెళ్ళే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి.

గోపాల్‌పూర్ వెళ్ళొచ్చాక

పొద్దున మా తమ్ముడు గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తానంటే కాదనను. ఇసుకలో ముందు చక్రాలు దిగబడతాయి, మీరెంత తోస్తే అంత లోతుకు పోతాయి. వెనక్కి తిప్పి, ఇద్దరు వెనక్కి లాగాలి, పెద్ద చక్రాలు ముందు పోతాయి, చిన్నవి ఈడ్చుకొస్తాయి. నీళ్ళ దగ్గర తడిసి గట్టిపడిన ఇసుక మీద అయితే సొంతంగా కాస్త తోయొచ్చు.

ఇంటికొచ్చాక ఆలస్యం చేయకుండా మంచి నీళ్ళతో చక్రాలు, రింగులు, మడత జాయింట్లు కడగాలి. ఉప్పు గాలికే మా ఊళ్ళో గ్రిల్స్ తుప్పు పడతాయి, ఉప్పు నీళ్ళ సంగతి చెప్పాలా. ఆరాక జాయింట్లకు చుక్క నూనె వేయండి, బ్రేకుకూ టైరుకూ నూనె తగలకూడదు. తరువాత కుర్చీని పక్కకు పడేసి ముందు చక్రాల ఇరుసు చూడండి. అక్కడ తల వెంట్రుకలు, దారాలు చుట్టుకొని బిగుసుకుపోయి ఉంటాయి. నాకైతే ప్రతి ఆదివారం గుప్పెడు వస్తాయి, ఆకుపచ్చ, మెరూన్, జరీ, ఆ వారం ఏ రంగు చీరలకు ఫాల్ కుట్టానో అన్నీ. చిన్న కత్తెర మొన తీసుకొని, ఇరుసు పక్కగా దూర్చి కత్తిరించండి, లాగితే రావు.